మా చెల్లెలు మగపువ్వులు నరికిన సంగతి

మా చెల్లెలు తన పామాయిల్ తోటలో మగపువ్వు కనపడితే చాలు, ఉలి పెట్టి పొడిచి కింద పడేసేది. పొడిచి ఊరుకునేది కాదు. వాటిని ఏరి, గంపకెత్తి, తోట చివర గోతిలో వేసి మట్టి కప్పేది. మా చుట్టుపక్కల అంత శుభ్రమైన తోట ఇంకోటి లేదని వచ్చినవాళ్ళు వచ్చినట్టు మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కడికీ ఆ శుభ్రమే తోటకు పట్టిన రోగమని తట్టలేదు. నాకు తట్టింది. నా మాట ఎవడు విన్నాడు గనక.

పామాయిల్ తెలియనివాళ్ళకు ముందు ఒక ముక్క చెప్పాలి. ఈ చెట్టుకు ఆడపువ్వులు వేరు, మగపువ్వులు వేరు. ఒకే చెట్టు కొన్నాళ్ళు ఇవి వేస్తుంది, కొన్నాళ్ళు అవి వేస్తుంది. ఆడపువ్వు గెల అవుతుంది, గెల ఫ్యాక్టరీకి పోతుంది. మగపువ్వు వేళ్ళు వేళ్ళుగా విచ్చుకొని, పసుప్పచ్చని పొడి రాల్చి, కొద్దిరోజుల్లోనే నల్లబడి, బూజు పట్టి, మట్టల సందున అట్లాగే ఉండిపోతుంది. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది, కాదనను. మా చెల్లెలి కంటికి మరీ ఘోరంగా కనపడేది.

"ఇదేం కాస్తదన్నా? ఏం కాయదు. చెట్టు బలమంతా తిని, నీడపట్టున పండుకొని, కుళ్ళిపోతది. గిట్లాంటోణ్ణి ఒకణ్ణి నేను ఏండ్ల తరబడి సాదిన. ఇప్పుడు చెట్లతోని గూడ సాదిపియ్యాల్నా?" అనేది.

ఆ ఒకడు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఆమె పెనిమిటి పోయి చాలా కాలమైంది. మంచివాడే. ఎవరికీ కీడు చెయ్యలేదు, మేలు కూడా చెయ్యలేదు. నీడ ఎటు జరిగితే మంచం అటు జరుపుకోవడం తప్ప ఇంకో పనికి ఒళ్ళు వంచినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఆయన పోయాక మా చెల్లెలు ఒక్కతే, ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న నాలుగెకరాల్లో ముసలి జీడిమామిడి చెట్లు కొట్టించి పామాయిల్ పెట్టింది. డ్రిప్పు పైపులు తనే పరిచింది. అడవిపందులు మొదళ్ళు తవ్వకుండా ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ తోట చుట్టూ కట్టింది. ఆదివారం చర్చిలో పాట పాడుతూ కూడా కిటికీలోంచి మబ్బు వైపే చూసేది.

మొక్కలిచ్చిన కంపెనీ మనిషి మొదట్లో చెప్పింది సరైన మాటే. మూడేళ్ళ దాకా పువ్వు ఏది వచ్చినా తీసెయ్యాలి, చెట్టు ముందు ఒళ్ళు చేసుకోవాలి అన్నాడు. ఆమె తీసేసింది. మూడేళ్ళు నిండాక ఇక ఆపమన్నాడు. ఆమె సగం ఆపింది. ఆడపువ్వులు నిలబెట్టి, మగపువ్వులు మాత్రం అలవాటు ప్రకారం పొడుస్తూనే ఉంది. ఆపమన్నవాడు రెండూ ఆపమన్నాడని ఆమెకు తోచలేదు. కాయ కాయనిదాన్ని ఉంచమని బుద్ధున్నవాడు ఎవడైనా ఎందుకు చెప్తాడని ఆమె లెక్క.

దాని ఫలితం తొలి కోతలోనే తెలిసింది. గెలలు చూడ్డానికి పెద్దవే. తిప్పి చూస్తే మాత్రం అక్కడో కాయ, ఇక్కడో కాయ, నడుమ అంతా ముడుచుకుపోయిన పిందెలు. పళ్ళూడిన నోటికి, ఆ గెలకు తేడా లేదు. కాటా దగ్గర కూర్చున్నవాడు ఒకదాన్ని కాలితో దొర్లించి, ఇంకోదాన్ని దొర్లించి, సగానికి సగం పక్కన పెట్టించాడు. అందులో నూనె లేదట, ముళ్ళు తప్ప ఏమీ లేవట. మా చెల్లెలు ఆ గెలలన్నీ మళ్ళీ ట్రాక్టరెక్కించి ఇంటికి తెచ్చుకుంది. ఇంటికి తెచ్చి ఏం చేసుకుంటుంది అంటే, ఏమీ చేసుకోలేదు. పదిమంది చూస్తుండగా వాటిని అక్కడ వదిలిరావడం ఆమెకు ఇష్టం లేదు, అంతే.

అప్పుడు దిగాడు మా మేనల్లుడు. ఆమె కొడుకే. ఖమ్మంలో ఒక ఆఫీసులో ఉద్యోగం. తల్లి మీద ప్రేమ లేదని అనను. ఉంది. ఆ ప్రేమ ఫోన్లో ఎక్కువ, కాలినడకన తక్కువ. తోట దండగమారిది, చెట్లు పీకించి భూమిని జామాయిల్‌కు లీజుకు ఇచ్చేద్దాం అన్నాడు. జామాయిల్‌కు నీళ్ళు పెట్టే పని లేదు, కాపలా పని లేదు, కొట్టుకునే రోజు వాళ్ళే వచ్చి కొట్టుకుపోతారు, అమ్మ హాయిగా కూర్చోవచ్చు అన్నాడు. లీజుకు తీసుకునే మనిషిని కూడా తోలుకొచ్చి చూపించాడు. మా చెల్లెలు ఏడవలేదు, పోట్లాడలేదు. క్రిస్మస్ దాకా ఆగమంది. అప్పటికి గెలలు బాగుపడకపోతే నీ ఇష్టం అంది.

వాడు పోయాక నన్నొక మాట అడిగింది. "జామాయిల్ పెడితే ఇగ నేను పొద్దున్నే లేచి ఏడికి పోవాలన్నా?"

నేను లేచి పోయి, తోట చుట్టూ ఊడిన చీరలు మళ్ళీ ముడి వేశాను.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. ముందు కంపెనీ మనిషి వచ్చాడు. పాతవాడు కాదు, కొత్తవాడు. బండి దిగాడు గానీ హెల్మెట్ తియ్యలేదు. దారి పక్క రెండు చెట్లు చూసి, ఆకు మడిచి, ఇది బోరాన్ లోపం అని తేల్చేశాడు. పొట్లాలు ఇచ్చాడు. మగపువ్వులు ఎట్లా ఉన్నాయని అడగలేదు. అడగడానికి ఒకటైనా కంటపడితే కదా. తరవాత పాస్టరు గారు వచ్చారు. ఆయన నిజంగా మంచి మనసుతోనే వచ్చారు. బైబిల్లో గొడ్రాళ్ళు తల్లులైన ఘట్టాలన్నీ వరసగా చదివి, ఎండలో మా అందరి తలలు మాడేదాకా ప్రార్థన చేశారు. ఆ ఘట్టాల్లో ప్రతిదానిలోనూ ఒక మొగుడు కూడా ఉన్నాడని, ఈ తోటలో ఆ సదుపాయం లేదని నేను మెల్లగా అన్నాను. ఆయన కళ్ళు మూసుకొని ఉన్నారు కాబట్టి వినపడనట్టే ఊరుకున్నారు. మా చెల్లెలికి వినపడింది. ఆమె నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

నేను ఐదో తరగతి దాటలేదు. మిగతా చదువంతా లైబ్రరీలోనూ, తునికాకు కల్లాల్లో కాపలా ఉన్నప్పుడు పాత పేపర్ల మీదా చదువుకున్నదే. అందుకని పెద్ద చదువులవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు, చదువులేనివాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వుతారు. నవ్వనీ. పామాయిల్ సంగతి మాత్రం నేను పుస్తకంలో చూసి చెప్పలేదు.

అశ్వారావుపేట వైపు మొట్టమొదటి తోటలు కాపుకొచ్చిన రోజుల్లో నేను అక్కడ కూలికి పోయాను. అప్పుడు గెలలన్నీ ఇట్లాగే బోసిగా వచ్చేవి. అందుకని మా చేత చెట్లకు పౌడర్ కొట్టించారు. మగపువ్వును సంచిలో దులిపి, ఆ పసుప్పచ్చ పొడిని జల్లెడ పట్టి, ముఖానికి రాసుకునే పౌడర్ లాంటి తెల్లపొడిలో కలిపి, రబ్బరు బుడ్డిలో పోసి, విచ్చుకున్న ఆడపువ్వు మీద బుస్సుమని ఊదాలి. ఇదీ పని. ఊళ్ళోకి పోతే చెట్లకు సింగారం చేసేవాళ్ళు వచ్చారని వెక్కిరించేవాళ్ళు. కానీ ఊదిన చోటల్లా గెల నిండింది.

ఒకనాడు ఎవరో జీపులో వచ్చారు. చిల్లుల మూత పెట్టిన డబ్బాలు దింపారు. అందులో మగపువ్వు ముక్కలు, వాటి మీద లుకలుకలాడే పురుగులు. నువ్వుగింజ కన్నా కాస్త పెద్దవి, మూతి ముందుకు సాగి ఉంటుంది. ముక్కుపురుగు అన్నారు. ఈ చెట్టు పుట్టింది ఆఫ్రికాలోనట, ఈ పురుగూ అక్కడిదేనట. చెట్టును తెచ్చుకున్నవాళ్ళు పురుగును తెచ్చుకోవడం మరిచిపోయి, ఇన్నాళ్ళూ మనుషుల చేత ఊదించారన్నమాట. డబ్బాలు తెరిచి వదిలేశారు. ఆ తరవాత కొన్నాళ్ళకు మా రబ్బరు బుడ్డీలు వాపసు తీసుకొని, ఇక రావొద్దన్నారు. ఒక పురుగు వచ్చి నా కూలి పోగొట్టింది. దాని మొహం నేను మరిచిపోతానా.

కూలి పోయిన కసితో దాని బతుకేమిటో చూద్దామని రోజూ పోయి చూసేవాణ్ణి. అది తినేది మగపువ్వునే, గుడ్లు పెట్టేది మగపువ్వులోనే. మనకు అసహ్యంగా కనపడే ఆ నల్లబడిన పువ్వే దాని పిల్లలకు ఇల్లూ, అన్నమూ. మరి ఆడపువ్వు దగ్గరికి ఎందుకు పోతుంది? అక్కడ దానికి తినడానికి ఏమీ లేదు. కానీ ఆడపువ్వు విచ్చుకున్నప్పుడు దానికి కూడా మగపువ్వు వాసనే వస్తుంది. సోంపు వాసన. పురుగు మోసపోయి, ఒళ్ళంతా పొడి పూసుకొని లోపలికి దూరి, ఏమీ దొరక్క బయటికొస్తుంది. ఆ మోసంలోనే మన గెల నిండుతుంది.

ఇందులో వింతేమీ లేదు. భద్రాచలం అడవిలో తునికాకు కాలంలో నేను చూసిన బదనిక పువ్వు దీనికంటే జాణ. ఇప్పచెట్ల మీద, మామిడి చెట్ల మీద తెల్లటి వేళ్ళు చాచుకొని కూర్చుంటుందే, అది. చెట్టు రక్తం తాగుతుందని జనం దాన్ని గీకి పారేస్తారు. అది చెట్టు మీద కూర్చుంటుంది తప్ప చెట్టును తినదు. తినే బదనిక వేరే ఉంది. రెండిటినీ ఒకే పేరుతో పిలిచి, అమాయకురాలికి శిక్ష వేస్తారు. ఆ పువ్వు తన పుప్పొడిని పొడిగా రాల్చదు, చిన్న ముద్ద చేసి, వచ్చిన తుమ్మెదకు అంటించి పంపుతుంది. ఆర్కిడ్లనే ఆ జాతిలో చాలా పువ్వులు తేనె చుక్క కూడా పెట్టకుండానే పని చేయించుకుంటాయని తరవాత లైబ్రరీలో చదివాను. ఒక్కో పువ్వుకు ఒక్కో రకం పురుగు. తాళం ఒకటి, చెవి ఒకటి. ఊళ్ళో ఉన్న చెవులన్నీ తెచ్చి తిప్పినా తాళం రాదు.

ఇదంతా మా చెల్లెలికి చెప్పాను. ఒకసారి కాదు. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ విన్నది, విని, చాట పక్కన పెట్టింది.

"నీకు గా పౌడర్ ఊదే పని పోయిన దుఃఖం ఇంకా తీరలే అన్నా. గందుకే గా పురుగు మీద కథలు చెప్తున్నవ్. నా తోటల పురుగు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. కావాల్నంటే పోయి ఎతుక్కో."

"నేను చెప్పేది గదే చెల్లె. ఒక్కటి కూడ లేదని."

ఆమె చాట మళ్ళీ అందుకుంది. మాట అయిపోయిందని దానర్థం.

తోటలో ఒక్క వరస మాత్రం కాస్త నయంగా ఉండేది. వాగు పక్క వరస. వాగుకు అవతల ఆమె భర్త అన్నగారి పామాయిల్ తోట ఉంది. నాకు వరసకు బావ, అందరం పెద్దబావ అంటాం. ఆ తోటలో మగపువ్వుల్ని ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే పెద్దబావ ఏ పనైనా చెయ్యకుండా వదిలెయ్యగలడు. అక్కడి పురుగులు అడపాదడపా వాగు దాటి వచ్చి, ఈ చివరి వరసలో కొంచెం పని చేసి పోతున్నాయని నాకర్థమైంది. ఇదీ చెప్పాను. వాగు పక్కన తేమ ఎక్కువ, అందుకని బాగున్నాయి అని ఆమె తేల్చేసింది. పెద్దబావ వైపు నుంచి మంచి అనేది రాగలదని ఒప్పుకోవడం ఆమె వల్ల కాదు. తమ్ముడు పోయినప్పుడు ఆ భూమి నాకిచ్చేస్తే నేనే చేసిపెడతాను అని ఆయన అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎప్పుడైనా ఎదురుపడితే మధ్యలో ఉన్న మూడో మనిషికి చెప్పినట్టు చెప్పుకుంటారు. ఆ మూడో మనిషి ఎక్కువసార్లు నేనే.

వానలు మొదలవుతుండగా మేనల్లుడు ఒక ఆటో నిండా తేనెటీగల పెట్టెలు తెచ్చాడు. ఫోన్లో చూశాడట. తేనెటీగలు లేకపోతే లోకంలో పంటలే ఉండవట. ఆ మాట ఎన్నో పంటలకు నిజమే. కాబట్టి అన్నిటికీ నిజమేనని వాడు అనుకున్నాడు. ఇప్పుడు లోకమంతా ఇంతే. తేనెటీగకు దండలు వేస్తుంది, మిగతా పురుగులన్నిటికీ మందు కొడుతుంది. పామాయిల్‌కు తేనెటీగ ఏం చేస్తదిరా అల్లుడా అని అడిగాను. పువ్వంటే పువ్వే కదా మామా అన్నాడు. డిగ్రీ చదివినవాడు. పెట్టెల్ని వరసగా చెట్ల కింద పెట్టి, ఫోటోలు దిగి, సాయంత్రం బస్సుకు ఖమ్మం పోయాడు.

ఈగలు పని చెయ్యలేదని అనకూడదు. అద్భుతంగా చేశాయి. పొద్దున్నే లేచి, ఈ తోటలో వాసన చూసి, ఇక్కడ తమకేమీ లేదని తెలుసుకొని, వాగు దాటి పెద్దబావ తోటకు పోయాయి. అక్కడి మగపువ్వుల మీద వాలి పొడి మూటలు కట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాయి. ఆడపువ్వు మొహం ఒక్కటీ చూడలేదు. కాళ్ళకు పసుపు రాసుకొని తిరిగొస్తుంటే మా చెల్లెలు మురిసిపోయి కొడుక్కి చెప్పింది. కొడుకు మురిసిపోయి ఊరందరికీ చెప్పాడు. పెద్దబావ మాత్రం ట్రాక్టర్ డ్రైవర్‌తో నాకు కబురు చేశాడు. "మీ చెల్లె పశువులు మా తోటల మేస్తున్నయ్, వాటికి తాగడానికి తొట్టి గూడ నేనే కట్టియ్యాల్నా?" అని.

వానలు ముదిరాక ఈగలకు ఆ పెట్టెలు నచ్చలేదు. ఒక్కో పెట్టే ఖాళీ అయింది. ఆఖరి గుంపు లేచిపోయి పెద్దబావ తోటలో ఇప్పకొమ్మకు గుత్తిగా వేలాడింది. పోతే పోనీ అనుకోవడం మా చెల్లెలి వంశంలో లేదు. తన సొత్తు ఎదుటివాడి కొమ్మకు వేలాడుతుంటే ఆమెకు అన్నం సయించదు. ఖాళీ పెట్టె నెత్తికెత్తుకుంది, నన్ను వెంట రమ్మంది. పెనిమిటి చావు నాటి నుంచి దాటని వాగును ఆ రోజు మోకాళ్ళ లోతు నీళ్ళలో దాటింది. వెనక నేను, ఒక పాత దుప్పటి పట్టుకొని.

పెద్దబావ గెలలు కోయిస్తున్నాడు. మమ్మల్ని చూసి గెడకర్ర చెట్టుకు ఆనించి, నా వైపు తిరిగాడు. "ఏంది బావా, మీ చెల్లెకు దారి తప్పిందా? ఆమె తోట అవతల ఉంది. మగదిక్కు లేని తోట, గుర్తుపట్టడం సులువే."

మా చెల్లెలు నాతో అంది. "అన్నా, మా ఈగలు తీసుకొని పోతమని చెప్పు. మాకు ఎవరి దిక్కూ వద్దు."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ వినపడుతూనే ఉంది. ఆమె ఇప్పచెట్టు వైపు నడిచింది. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగిపోయింది.

అక్కడ ఒక పొట్టి చెట్టుకు మగపువ్వు నిండుగా విచ్చుకొని ఉంది. దాని వేళ్ళన్నీ పసుప్పచ్చగా, వాటి మీద ముక్కుపురుగులు ఉడికే అన్నంలా కదులుతున్నాయి. ఆమె ముక్కు దాని దగ్గరికి పెట్టి వాసన చూసింది. తరవాత పక్క వరసలోకి పోయింది. అక్కడ ఒక ఆడపువ్వు అప్పుడే పొర చీల్చుకొని తెల్లగా తెరుచుకుంది. దాన్నీ వాసన చూసింది. అవే పురుగులు, వీపుల మీద పసుపుతో, ఆ పువ్వు సందుల్లోకి వరసగా దూరుతున్నాయి. కింద ఇంకో గెల పక్వానికొచ్చి ఉంది. కూర్చొని, మట్టల సందున రెండు చేతులు పెట్టి దాన్ని తడిమి చూసింది. వేలు పెట్టే సందు లేదు, అన్నీ కాయలే. ఒక పురుగును అరచేతిలోకి ఎక్కించుకుంది. అది ఆమె వేళ్ళ మధ్య తిరిగి, ఎగిరి పోయింది.

నేను నోరు తెరవలేదు. జీవితంలో ఒక్కసారి నోరు మూసుకుంటే ఎంత పని జరుగుతుందో ఆ రోజే చూశాను.

ఆమె లేచి నిలబడి, నా వైపు కాదు, పెద్దబావ వైపు తిరిగింది. "బావగారూ, నాకు రెండు మగపువ్వులు కావాలె" అంది.

ఇన్నేళ్ళ తరవాత తన మొహం చూసి మాట్లాడితే ఆయనకు ఏం చెయ్యాలో తెలియలేదు. అలవాటు కొద్దీ నా వైపే చూశాడు. "ఏమంటున్నది బావా మీ చెల్లె?"

"నన్ను కాదు అడిగింది."

ఆయన కాసేపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "నరకడానికేనా?" అన్నాడు.

"కట్టడానికి."

ఆయన గెడకు కట్టిన కొడవలి తీసుకొని, కూలీలకు ఇవ్వకుండా తనే పోయాడు. పురుగులు చెదరకుండా కింద సంచి పట్టించి, పువ్వులు ఒడుపుగా కోసి, సంచి మూతి కట్టి ఇచ్చాడు. రెండడిగితే ఒక బస్తా నిండా ఇచ్చాడు. ఇస్తూ కూడా ఊరుకోకుండా, తోటలో నాకన్నా పనికొచ్చే మగాళ్ళు ఇవే అని ఎవరితోనూ కాకుండా అన్నాడు. ఈగల సంగతి అందరం మరిచిపోయాం. ఆ ఖాళీ పెట్టె నా నెత్తి మీద ఇంటికొచ్చింది.

మగపువ్వుల్ని తోటంతా అక్కడొకటి ఇక్కడొకటి మట్టలకు తాళ్ళతో కట్టింది. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసి, ఇన్నాళ్ళు నరికిన అవ్వ ఇప్పుడు ఉరేస్తున్నది అని నవ్వుకుంటూ పోయారు. వాళ్ళ నవ్వు పెద్ద కష్టం కాదు. ఆమెకు అసలు కష్టం తన చెట్లకు వచ్చే మగపువ్వుల్ని పొడవకుండా ఉండడం. ఉలి పట్టుకొని దాని ముందు నిలబడేది. చెయ్యి లేచేది, దిగేది. పొడి రాలిపోయి, నల్లబడి, బూజు పడుతుంటే ఆమె మొహం చూడలేకపోయేవాణ్ణి.

"కుళ్ళుతున్నదన్నా."

"కుళ్ళనియ్యి. లోపల పిల్లలున్నయ్."

పిల్లలున్నాయి అంటే ఆమె ఒక అడుగు వెనక్కు వేసేది. ఇంకేం చెప్పినా వెయ్యలేదు.

గెల పక్వానికి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. నన్ను కూడా. రోజూ పోయి మట్టల సందున వేలు పెట్టి పిందెల్ని తడిమి వచ్చేది. దసరాకు కాస్త ముందు ఒకరోజు తడిమి వచ్చి ఇంట్లో చేపల పులుసు వండింది. ఎందుకని నేను అడగలేదు, తిన్నాను.

క్రిస్మస్ మర్నాడు మేనల్లుడు లీజు మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన తోటలోకి అడుగు పెట్టి రెండు వరసలు నడిచాడు, మూడో వరసలో ఆగిపోయాడు. గెలలు ఒక్కోటి నిండుగా, కాయ మీద కాయ ఎక్కి, నలుపు తిరిగి ఎరుపెక్కుతూ ఉన్నాయి. ఎన్నో తోటలు కొట్టించిన మనిషి కాబట్టి ఆయనకు వెంటనే తెలిసిపోయింది. మేనల్లుడికి తెలియలేదు. వాడు ఇంకా ఏ మూల నుంచి కొట్టడం మొదలుపెడతారో అడుగుతున్నాడు.

"కొట్టుడు లేదు" అంది మా చెల్లెలు. "అన్నం తిని పోన్రి."

అన్నాల దగ్గర తోట ఎట్లా బాగుపడిందనే మాట వచ్చింది. చాలా కారణాలు బయటపడ్డాయి. కంపెనీ మనిషి ఈ గెలల ఫోటో తన పైవాళ్ళకు పంపి, బోరాన్ ఫలితం అని రాసుకున్నాడని మా చెల్లెలే చెప్పింది. పాస్టరు గారు క్రిస్మస్ ప్రసంగంలో ఈ తోటను సాక్ష్యంగా చెప్పారు, అది నేనే చెవులారా విన్నాను. మేనల్లుడు మాత్రం అంతా తన తేనెటీగల మహిమేనని, అవి పోయేముందు పని ముగించి పోయాయని తేల్చాడు. ఆ మాట అప్పటికప్పుడు ఫోన్లో కూడా పెట్టాడు. అది చూసి తరవాత వాడి ఆఫీసులో ఇద్దరు తమ మామిడి తోటలకు పెట్టెలు కొన్నారట. పోనీ, మామిడికైనా కొంత పనికొస్తాయి. నేను మా చెల్లెలి వైపు చూశాను. ఇప్పుడైనా అన్న చెప్పాడు అంటుందేమోనని.

"ఎవరూ చెప్పలే. నేనే పోయి చూసిన" అంది, నా కంచంలో పప్పు వేస్తూ. అబద్ధమూ కాదు.

తినడం అయ్యాక మగవాళ్ళందరం నీడ చూసుకొని కూర్చోబోయాం. అప్పటికే పెద్దబావ కొడవలి గెడ భుజాన వేసుకొని వాగు దాటి వస్తున్నాడు. ట్రాక్టర్ మధ్యాహ్నానికే వస్తుందని, అందరూ లేవాలని ఆమె చెప్పింది. కొడుకు తన బూట్ల వైపు చూసుకున్నాడు. అవి తీసేసి పాత చెప్పులు వేసుకోమంది. లీజు మనిషిని మాత్రం ఏమీ అనలేదు. ఆయనే చొక్కా చేతులు మడిచి లేచాడు. పెద్దబావ కోస్తుంటే వాళ్ళిద్దరూ గెలలు మోశారు. మొదటి గెలకే మేనల్లుడి అరచేతిలో ముల్లు దిగింది. తీసి చూపించాడు. తల్లి చూసి, ఇంకో గెల చూపించింది.

నాకు నడుం నొప్పి అని చెప్పాను. ఆమె నా చేతికి ఒక గంప ఇచ్చి, చెట్ల మొదట్లో రాలిపడిన పండ్లు ఒక్కటి కూడా వదలకుండా ఏరమంది. ఈ వయసులో ఇట్లా వంగి ఏరడం ఎంత కష్టమో, ఆ పని ఎవరు చెయ్యాలో, ఎవరు చెయ్యకూడదో నేను వివరంగా చెప్పడం మొదలుపెట్టేసరికి ఆమె పక్క వరసలోకి వెళ్ళిపోయింది. చుట్టూ చూశాను. వినేవాళ్ళు ఎవరూ లేరు. పండ్లు మాత్రం చాలా రాలి ఉన్నాయి. వంగాను.